నిలిచెడి ముద్ర, పగిలెడి ముద్ర

నేడు మన యిండ్లకు వచ్చు వస్తువులలో చీటీ అంటింపని వస్తువు అరుదు. మందుసీసాపై చీటీ, చీరె మడతపై చీటీ, తేనెసీసాపై చీటీ, తుదకు మామిడిపండుపై సైతము రూపాయి బిళ్ల పాటి చీటీ. వీనిలో కొన్నిటిపై అక్షరములు కంటికి మాత్రమే కనబడును. మరికొన్నిటిపై అవి పైకి ఉబికి వ్రేలికి గూడ తగులును. ఈ రెండవ రకమును వర్తకులు ఎంబాసు లేబుళ్లందురు. మనము ఉబ్బెత్తు ముద్రలందము. ఇవి కొత్త యంత్రములతో వచ్చిన వేడుక యని పలువురు తలతురు. కాని ఏ పదార్థముపై ముద్ర వేయవలెను, ఏ బొమ్మ నెత్తి చూపవలెను అను ప్రశ్న కర్నూలు, కడప సీమలకు కొత్తది కాదు. పండ్రెండు వందల యేండ్లకు పూర్వమే ఇచ్చటి పాలకులు దానికి సమాధానము చెప్పిరి. ఆ సమాధానములోని వివేకము నేడు చీటీలు చేయించువారికిని, కొనువారికిని ఉపయోగపడునని మా నమ్మకము.

రేనాటి చోళుల పేరు చరిత్ర చదువువారికి పరిచితమే. కడప జిల్లా కలమళ్లలో సుమారు క్రీ. శ. 575 నాటి ధనంజయుని శిలాశాసనము తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమని పేరు గన్నది. ఆ వంశమువాడే పుణ్యకుమారుడు. కడప జిల్లా మాలెపాడులో దొరకిన అతని తామ్రశాసనమును హెచ్. కృష్ణశాస్త్రిగారు పరిష్కరించి ప్రకటించిరి. దాని రేకులను కూర్చిన కడియమునకు ఒక ముద్ర కలదు. ఆ ముద్రపై జూలుగల సింహ మొకటి కుడి ముంగాలెత్తి, నోరు తెరచి, తోకను వీపుమీదుగా త్రిప్పి నిలుచున్నది. బొమ్మ పైకి ఉబికియున్నది. నేటి మాటలో అది ఆ శాసనమునకు ఎంబాసు లేబులు.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. శాసనములో అక్షరము లోనికి దిగును. ముద్రలో బొమ్మ పైకి లేచును. ఒకే దానపత్రమున రెండు పనులను రెండు విధములుగా చేయుటకు కారణమేమి? లోనికి చెక్కిన గీతకు తరువాత మరియొక గీతను చేర్చుట కష్టము కాదు. చేత చిన్న ఉలి యున్నవాడెవడైనను ఒక సంఖ్యను మార్చగలడు, ఒక పేరును కూర్పగలడు. పైకి లేచిన బొమ్మకు అట్లు చేర్చుటకు వీలుండదు. చుట్టునున్న లోహమంతయు తగ్గించిన గాని కొత్త గీత పైకి రాదు. దానిని మార్చవలెనన్న అచ్చునే మార్చవలెను. అచ్చు రాజముద్రాధికారి యొద్ద నుండును. కనుక ఉబ్బెత్తు పని పూర్వులకు అలంకారము కాదు, కాపుదల.

ఇక పదార్థము. భూదానము చేసిన రాజు దానిని వస్త్రముపై గాని రాగిరేకుపై గాని వ్రాయించి, తన ముద్రతో గుర్తింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. రెంటికిని అనుమతి యున్నను మనకు దక్కినవి రాగిరేకులే. గుడ్డను చెదలు తినును, తేమ చివికించును. ఇనుము త్రుప్పు పట్టును. రాగి ఉలికి లొంగునంత మెత్తన, భూమిలో శతాబ్దములు పడియున్నను చెడనంత గట్టి. దానము ఆచంద్రార్కము చెల్లవలెనని కోరిన రాజు ఆ కోరికకు తగిన లోహమునే ఎన్నుకొనెను. రేకుల యంచులను కొంచె మెత్తుగా మలచుట గూడ కలదు. రేకుపై రేకు రాచుకొన్నను లోపలి వ్రాత అరుగకుండుటకై చేసిన యేర్పాటది. మొదటి రేకు వెలుపలి ముఖమును, కడపటి రేకు వెలుపలి ముఖమును తరచుగా ఖాళీగా విడిచిరి. రేకుల ఎడమ ప్రక్క రంధ్రము చేసి, దానిగుండ కడియము దూర్చి, కడియపు కొనలను ముద్రగల దిమ్మలో అతికించిరి. ముద్ర తీయక, కడియము కోయక, నడుమ నొక రేకును మార్చుట సాధ్యము కాదు.

బొమ్మల యెంపికను చూడుడు. బాదామి చాళుక్యులకు వరాహము, పల్లవులకు వృషభము, విష్ణుకుండినులకు సింహము. కర్నూలు సీమలో దొరకిన మొదటి విక్రమాదిత్యుని తామ్రశాసనములు వరాహలాంఛనము గల వంశము వారివే. వేంగి చాళుక్యులు వరాహముతో పాటు సూర్యచంద్రులను, అంకుశమును, పద్మమును చేర్చి, శ్రీత్రిభువనాంకుశ యను బిరుదమును ఎత్తి పోయించిరి. విజయనగర ప్రభువుల ముద్రలందును వరాహమును, సూర్యచంద్రులును కనబడును. ఇన్ని వంశములు మారినను పద్ధతి ఒకటే. ఒక ప్రధానమైన జంతువు, దాని చుట్టు రెండు మూడు గుర్తులు, ఉన్నచో ఒక చిన్న మాట. దానవివరమంతయు రేకులపై నుండగా ముద్రపై దానిని మరల చెప్పలేదు. అక్షరము రాని గ్రామస్థుడు సైతము దూరమునుండి చూచి ఇది ఫలానా ప్రభువుదని పోల్చుకొనవలెను, అంతే.

ఇంత జాగ్రత్త చేసినను మోసము జరుగకపోలేదు. ఫ్లీట్ పండితుడు 1901లో భారతదేశపు కూటశాసనముల పట్టికనే ప్రకటించెను. నిజమైన ముద్రను దొంగరేకులకు తగిలించుట యసాధ్యము కాదు. అందుచేతనే శాసన పరిశోధకులు క్రొత్తగా దొరకిన రేకులను వర్ణించునప్పుడు, తాము చూచునప్పటికి కడియము కోయబడి యుండెనా లేదా యను సంగతిని తప్పక వ్రాయుదురు. ముద్ర సాక్ష్యము ముద్రలో మాత్రమే లేదు, అది వస్తువుతో అతికిన చోట గూడ నున్నది. నేటి చీటీలకును ఈ న్యాయమే వర్తించును.

రాగిముద్ర నిలుచుటకై చేసినది. పగులుటకై చేసిన ముద్రలు గూడ మన పల్లెలలో ఉండెను. పంటలో భాగముగా పన్ను తీసికొను కాలమున, కళ్లములో తూర్పారబట్టిన ధాన్యమును రాశి పోసి, భాగము పంచువరకు దానిని కదల్పగూడదను కట్టడి దక్షిణదేశమున ఉండెను. రాశిపై అక్కడక్కడ తడిమట్టిని గాని పేడను గాని ఉంచి, అక్షరములు చెక్కిన కొయ్యపలకతో అద్దెడివారు. రాశినుండి గుప్పెడు గింజలు తీసినను క్రింది గింజలు జారి ముద్ర బీటలు వారును. ఆ మట్టి ఎంత బలహీనమైనదైన అంత మంచి కావలి. 1800లో ఈ సీమ కుంపిణీ వశమైన పిదప, 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో దొర రైతు పేర రొక్కపు శిస్తు నిర్ణయించు పద్ధతిని నెలకొల్పెను. ఆ పద్ధతి కుదురుకొన్నకొలది కళ్లపు ముద్రల యవసరము తగ్గెను.

లక్క ముద్ర గూడ ఈ జాతిదే. జాబు మడతపై కరగిన లక్క వేసి ఉంగరముతో అద్దినచో, లక్కను పగులగొట్టక జాబు విప్పుటకు వీలుండదు. లక్క పెళుసుదనము దాని దోషము కాదు, దాని ఉద్యోగము.

ఈ భేదమును మరచిన చోట ఏమి జరుగునో తెలుపుటకు సింధుదేశపు తపాలా బిళ్లల కథను మించినది లేదు. 1852 జూలై 1వ తేదీన సర్ బార్టల్ ఫ్రియర్ అచ్చట ఉబ్బెత్తు తపాలా బిళ్లలను ప్రవేశపెట్టెను. ఆసియాలో అంటించు తపాలా బిళ్లలకు అవే మొదటివి. గుండ్రని బిళ్లపై కుంపిణీ వర్తకచిహ్నము, అర్ధణా వెల ఎత్తుగా ముద్రింపబడెను. మొదటి రకము ఎర్రని లక్కబిళ్ల. అది సంచులలో పడి ప్రయాణము చేయునప్పటికి పగిలి రాలిపోవుచుండెను. జాబుతో ఊరూరు తిరుగవలసిన దానికి, పగులుటకు పుట్టిన పదార్థమును వాడిరి. తరువాత తెల్లకాగితముపై రంగు లేకయే ఎత్తుముద్ర వేసిరి. అది పగులలేదు గాని, మసకవెలుతురులో తపాలా గుమాస్తా కంటికి కనబడలేదు. మూడవసారి తెల్లకాగితముపై నీలిరంగుతో గూడిన ఎత్తుముద్ర వేసిరి. 1854 అక్టోబరు 1 నుండి దేశమంతటికి ఒకే విధమైన బిళ్లలు రాగా ఇవి అంతరించెను. కాని రెండేండ్లలో మూడు పదార్థములు నేర్పిన పాఠము చిన్నది కాదు. ముద్ర పడిన వస్తువు పోవు దారిని మొదట చూడవలెను, చూచువాని కన్నును, వెలుతురును తరువాత చూడవలెను, అటుపిమ్మట అందము.

నీలి యను మాట వచ్చినది గనుక కడప నీలిమందు సంగతి చెప్పవలసియున్నది. పూర్వము పరదేశీయులు కడపను కుర్పా యని పలికెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున ఈ ప్రాంతపు నీలిమందు లండను విపణిలో ఆ పేరుతోనే అమ్ముడుపోయెను. వంగ, బీహారు దేశములలో నీలిముద్దను పలకలుగా నొత్తి, కోసి, ఆరకముందే ఒక్కొక్క బిళ్లపై కార్ఖానా గుర్తును అద్దెడివారు. కొనువాడు ఆ గుర్తును చూచి వెల కట్టెడివాడు. కుర్పా యను పేరు మాత్రము ఒక కార్ఖానాది కాదు, ఒక రైతుది కాదు, ఒక సీమది. ఆ పేరునకు విలువ యుండెను. కాని దానిని కాపాడుకొను అధికారము నీలిచేను దున్నినవారి చేతిలో లేకుండెను. 1897లో జర్మనీలోని బి. ఏ. ఎస్. ఎఫ్. కార్ఖానా కృత్రిమ నీలిని విపణిలోనికి దింపగా చెట్టునీలి వర్తకము కూలిపోయెను. దానితో కుర్పా పేరును కనుమరుగైనది. సీమ పేరు సరకుపై నున్నంత మాత్రమున సీమవారికి రక్షణ కలుగదని ఈ కథ చెప్పుచున్నది.

అదే కాలమున మాంచెస్టరు బట్టల తానులపై అంటించిన రంగుచీటీలు మన బజారులను నింపెను. దేవతలు, ఏనుగులు, రాజులు, నెమళ్లు. కొన్నిటిపై బంగారు పూత, ఎత్తుపని. ఇంగ్లీషు రాని కొనుగోలుదారు బొమ్మను బట్టి బట్టను గుర్తించెను. బొమ్మకున్న బలమును గ్రహించిన దొంగవర్తకులు బొమ్మలను అనుకరించిరి. ఇంగ్లాండులో 1875లో వర్తకచిహ్నముల నమోదు చట్టము వచ్చుటకును, మనదేశమున 1889లో సరకుల గుర్తుల చట్టము వచ్చుటకును ఇట్టి తగవులు ముఖ్యకారణములు. తాను పొడవును గజములలో దానిపై ముద్రింపవలెనని ఆ 1889 చట్టము ఆజ్ఞాపించెను. చీటీ అందమునుండి బాధ్యతకు వచ్చిన ఘట్టమది.

ఇంతవరకు చూచిన చరిత్రనుండి మూడు ప్రశ్నలు తేలుచున్నవి. ఈ ముద్ర నిలువవలెనా, పగులవలెనా? ఇది ఏ యెండలో, ఏ తడిలో, ఎవరి చేతులలో తిరుగును? దీని వెనుక నిలిచి జవాబు చెప్పువారెవరు? చీటీ చేయించువారు కాగితమును, అచ్చును ఎన్నుకొనుటకు ముందు ఈ మూటికి సమాధానము చెప్పుకొనవలెను.

ఇప్పుడు పదార్థములను పరిశీలింతము. ఎత్తుముద్రకు రెండు అచ్చులు కావలెను. ఒకటి ఉబ్బు, ఒకటి పల్లము. నడుమ నుంచిన పొర ఆ ఒత్తిడికి సాగి, సాగినచోటనే నిలువవలెను. ప్రత్తిపీచు కలిసిన దళసరి కాగితము చక్కగా సాగును. పొడుగు పీచు గనుక చినుగదు. పైన మెరుగుపూత దట్టముగా నున్న కాగితము నునుపుగా కనబడునే గాని ముద్ర లోతైనచో పూత పగిలి తెల్లగీతలు తేలును. పలుచని అల్యూమినియము రేకు వంచినట్లు వంగి అట్లే యుండును. సూక్ష్మరేఖలను సైతము పట్టును. ప్లాస్టికు పొరకు తడిభయము లేదు గాని, దానికి తన మొదటి ఆకారమునకు మరలు స్వభావము కలదు. కడప వేసవి యెండలో బండిమీద ఒక దినము గడిచినచో దానిపై ఎత్తు సగము అణగిపోవచ్చును. తడి సీసాలకు నీట నానినను వీడని కాగితము గాని రేకు గాని తగును. పొడిసరకులకు ప్రత్తికాగితము మేలు.

జిగురును గూర్చియు ఒక మాట. వేడికి మెత్తబడు జిగురు అంచులనుండి కారి దుమ్ము పట్టును. మన మెట్టసీమ దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. ఉబ్బిన భాగము వెనుక బోలుగా నుండును గనుక గట్టిగా రుద్ది అంటించినచో బొమ్మ చదునగును. చీటీలను బిగించి చుట్టినను, బరువుల క్రింద పేర్చినను అదే గతి. గుండ్రని సీసాపై అంటించు చీటీకి లోతు తక్కువగాను, వెడల్పైన చదును పెట్టెపై అంటించు దానికి ఎక్కువగాను ఉండవచ్చును. ఇక పగులవలసిన ముద్రకు, అనగా మూత కలియుచోట అంటించు చీటీకి, పెళుసు పొరయు మొండి జిగురును కావలెను. లాగినచో ముక్కలై ఊడవలెనే గాని నిండుగా ఊడిరాగూడదు. అది కళ్లపు మట్టిముద్రకు మనుమరాలు.

బొమ్మ విషయమున తెలుగువారికి ఒక సౌకర్యము, ఒక చిక్కు కలవు. మన అక్షరములు గుండ్రనివి. అచ్చులోని పదునైన మూలలు కాగితమును కోయును, వంపు కోయదు. అది సౌకర్యము. చిక్కేమనగా, మన లిపిలో ప్రాణమంతయు చిన్న గుర్తులలో నున్నది. డ-ఢ, ద-ధ, ప-ఫ అను జంటలలో భేదము క్రింది చిన్న గీత మాత్రమే. వత్తులు, గుడులు, సున్నలు సన్నని సందులతో నిండియుండును. చిన్న చీటీపై ఇవన్నియు ఎత్తి ముద్రింపజూచినచో సందులు పూడి, ధనము దనమగును, ఫలము పలమగును. కనుక చిహ్నమును, ఒకటి రెండు పెద్ద అక్షరముల పేరును మాత్రమే ఎత్తి చూపి, తూకము, వెల, తేదీ మొదలైనవానిని చదునుగా సిరాతో వేయించుట మంచిది. ముద్రపై సింహమును, రేకులపై వివరమును ఉంచిన పుణ్యకుమారుని పద్ధతి ఇదియే.

ఎత్తు అక్షరము కేవలము వేడుకకే కాదనుటకు మరియొక నిదర్శనము. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన శాసనముచే మందుపెట్టెలపై మందు పేరు బ్రెయిలీ చుక్కలలో ఉండుట విధియైనది. కన్ను లేనివానికి ఆ చుక్కలు ప్రాణరక్షకములు.

మూడవ ప్రశ్నకు వత్తము. బనగానపల్లె 1948 వరకు ఒక చిన్న సంస్థానము. ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. ఆ ఊరి పేరు మామిడిపండు వలన దేశమంతట వ్యాపించినది. ఎచ్చటి పండునైనను ఆ పేరుతో పిలుచుట బజారులో పరిపాటి. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము 2003లో అమలునకు రాగా, 2017లో బనగానపల్లె మామిడికి ఆ గుర్తింపు నమోదైనది. కుర్పా నీలికి లేని కాపుదల దీనికి లభించినది. అట్లే ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము వలన నేతగాని బట్ట ఒక సంఘము పూచీతో బయటికి వచ్చెను. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 2006లో కేంద్రప్రభుత్వము చేనేతకు దేశవ్యాప్తమైన గుర్తును ఏర్పరచినది.

అయినను నమోదు పుస్తకములో నున్న హక్కు పండ్లపెట్టె మీదికి రానిదే తోటవానికి ఫలము లేదు. పండుపై అంటించు బిళ్లను ఎవరైనను అచ్చు వేయించుకొనగలరు; అది తొక్కకు గాయము చేయక ఊడిరావలసినది గనుక దానిని గట్టిగా చేయుటకు వీలు లేదు. కనుక నమ్మకమును పెట్టెమూతకు అప్పగింపవలెను. మూత కలియుచోట చినుగు స్వభావముగల చీటీ, దానిపై తోటవారి సంఘపు చిహ్నము ఎత్తుగా, ప్రక్కనే పూచీ వహించువారి పేరు, ఊరు స్పష్టముగా. వాన తక్కువైన సీమలో పండు సంఖ్య పెంచుట రైతు చేతిలో లేదు. పండిన దాని పేరును పోగొట్టుకొనకుండుట కొంతవరకైనను అతని చేతిలో నున్నది. వ్యయము పెద్దది కాదు. ఖరీదైన బంగారు పూత కంటె, ఒక మంచి అచ్చు, తగిన కాగితము, అందరు ఒకే చిహ్నమునకు కట్టుబడుట ముఖ్యము.

కొనువారి వంతు గూడ కొంత కలదు. ఈ వేసవిలో బనగానపల్లె పండ్లపెట్టె మీ యింటికి వచ్చినప్పుడు, మూత తీయుటకు ముందు చీటీపై వ్రేలు పోనిండు. అతుకు తెగియున్నదా యని చూడుడు. ఎవరి పేరు, ఏ ఊరు అందు వ్రాసియున్నదో చదువుడు. ఏమియు వ్రాసియుండనిచో, మరుసటిసారి అంగడివానిని ఆ పేరు అడుగుడు.